గేరు అంకె చిన్న బళ్లకే ఎక్కువ అవసరం

సంపాదకుల వారికి నమస్కారాలు.

మోటారు సైకిలు మీటరులో బండి ఏ గేరులో ఉందో అంకె రూపంలో చూపించే ఏర్పాటు వల్ల నడిపేవారికి నిజంగా మేలు జరుగుతుందా, లేక అది అమ్మకాల కోసం చేర్చిన హంగు మాత్రమేనా అన్న విషయం మీద ఈ మధ్య మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు తన అభిప్రాయం రాశారు. ఇంజను చప్పుడు తెలిసినవాడికి అంకెతో పని లేదని, బండిని చెవితో నడపాలే తప్ప కంటితో కాదని ఆయన వాదన. ఐటీఐలో మోటారు మెకానిక్ విద్యార్థులకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నేను ఆ మాటలో ఉన్న సత్యాన్ని కాదనను. చెవి పనిచేయని సందర్భాలు, చెవి మీద ఆధారపడలేని మనుషులు కూడా రోడ్డు మీద ఉన్నారని, కొండలూ వాలు రోడ్లూ నిండిన మన విశాఖలో ఆ సందర్భాలు తరచుగా వస్తాయని నా అనుభవం. అందుకే కొంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఈ ప్రశ్న మోటారు సైకిలు విషయంలోనే ఎందుకు వస్తోందో చూడాలి. కారులోనూ లారీలోనూ గేరు రాడ్డు ఏ గేరులో వేస్తే ఆ స్థానంలోనే నిలబడి ఉంటుంది. డ్రైవరు చెయ్యి ఆనిస్తే చాలు, ఏ గేరో తెలిసిపోతుంది. మోటారు సైకిలు గేరు లీవరు అలా నిలవదు. పాదంతో నొక్కినా, పైకి ఎత్తినా, వదిలిన వెంటనే అది మొదటి చోటికే వచ్చేస్తుంది. లోపల గేరు డ్రమ్ము, అంటే పైన గాడులున్న గుండ్రటి భాగం, ఒక మెట్టు తిరుగుతుంది, దాని గాడుల వెంట గేర్లను జరిపే ఫోర్కులు కదులుతాయి, గేరు మారుతుంది. ఈ మార్పుకు బయట ఏ గుర్తూ మిగలదు. మొదటి గేరులో ఉన్నా నాలుగో గేరులో ఉన్నా లీవరు ఒకేలా కనిపిస్తుంది, పాదానికి ఒకేలా తగులుతుంది. ఎన్నిసార్లు నొక్కామో మనసులో లెక్క ఉంచుకోవడం ఒక్కటే నడిపేవారికి మిగిలిన దారి.

పాతకాలపు చేతి గేరు స్కూటర్లలో ఈ చిక్కు లేదు. బజాజ్ చేతక్, ఎల్‌ఎంఎల్ వెస్పా నడిపిన తరానికి గుర్తుండే ఉంటుంది: ఎడమ చేతి పిడి దగ్గర గేర్ల అంకెలు ఉండేవి, పిడి తిప్పినప్పుడు ఏ అంకె గుర్తుకు ఎదురుగా నిలిస్తే అదే గేరు. అందులో కరెంటు లేదు, సెన్సరు లేదు. అంకె చూడకపోయినా మణికట్టు వంపును బట్టే గేరు తెలిసేది. స్కూటరు నుంచి మోటారు సైకిలుకు మారినప్పుడు మైలేజి, పట్టు, వేగం లాభించాయి గాని, ఈ ఒక్క సమాచారాన్ని మనం పోగొట్టుకున్నాం. ఇప్పుడు మీటరులో కనిపిస్తున్న అంకె ఆ పోయినదాన్నే తిరిగి ఇస్తోంది. కాబట్టి దాన్ని కొత్తగా పుట్టించిన విలాసంగా చూడటం సరికాదు.

ఇక చెవి సంగతి. ఇంజను చప్పుడు మనకు చెప్పేది గేరు కాదు, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో, ఎంత బరువు మీద లాగుతోందో అది మాత్రమే. పెద్ద గేరులో నెమ్మదిగా పోతుంటే బండి గుంజుకుంటూ కొట్టుకుంటుంది. చిన్న గేరులో వేగంగా పోతుంటే అరుస్తుంది. ఈ రెండింటినీ విని గేరు మార్చుకోవడం మంచి పద్ధతే, నా విద్యార్థులకు నేర్పింది కూడా అదే. అయితే క్లచ్ నొక్కి, యాక్సిలరేటర్ వదిలేసిన తరువాత చెవికి ఏం వినిపిస్తుంది? బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను చేసే ఐడిలింగ్ చప్పుడు. అది అన్ని గేర్లలోనూ ఒక్కటే. సిరిపురం నుంచి పాండురంగాపురం మీదుగా బీచ్ రోడ్డుకు దిగే వాలులో క్లచ్ పట్టుకుని జారుతూ వచ్చేవారిని, మద్దిలపాలెం, గాజువాక కూడళ్లలో సిగ్నలు పడుతుందా లేదా అని నెమ్మదిస్తూ వచ్చేవారిని చూడండి. ఒకటి రెండు గేర్లు తగ్గించి, మిగిలినవి తగ్గించామో లేదో గుర్తు లేక, పచ్చలైటు పడగానే మూడో గేరులోనే క్లచ్ వదులుతారు. బండి ఒక్క కుదుపుతో ఆగిపోతుంది. పోర్టుకు వెళ్లే లారీ వెనక నుంచి కదులుతున్నప్పుడు ఇలా ఆగిపోవడం చిన్న విషయం కాదు.

చెవి చాలునన్న వాదన పూర్తిగా నిజమైతే న్యూట్రల్ లైటు కూడా అవసరం ఉండకూడదు. చవకైన 100 సీసీ బండి మీద కూడా కంపెనీలు ఆ ఆకుపచ్చ లైటు పెడుతున్నాయంటే, లీవరు చూసి గేరు తెలుసుకోలేమని వాళ్లు ఏనాడో ఒప్పుకున్నట్టే. న్యూట్రల్‌లో ఉన్నామో లేదో చెప్పడం అవసరమైనప్పుడు, రెండో గేరులో ఉన్నామా నాలుగో గేరులో ఉన్నామా అన్నది చెప్పడం అనవసరం ఎలా అవుతుంది?

ఘాట్ రోడ్డు దగ్గర ఈ అవసరం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మన ఊరివారికి ఘాట్ రోడ్డు ఎప్పుడో ఒకసారి వెళ్లే చోటు కాదు. సింహాచలం కొండ, కైలాసగిరి, యారాడ కొండ మలుపులు ఊరిలోనే ఉన్నాయి. శృంగవరపుకోట దాటితే అనంతగిరి మీదుగా అరకు దాకా ఘాట్ రోడ్డే. సెలవు రోజుల్లో కుర్రవాళ్లు వెనక ఒకరిని ఎక్కించుకుని, కొన్నిసార్లు సామాను కూడా కట్టుకుని 100, 125 సీసీ బళ్ల మీదే వెళ్తారు. దిగేటప్పుడు వేగాన్ని అదుపులో ఉంచవలసింది బ్రేకులు మాత్రమే కాదు, ఇంజను కూడా. యాక్సిలరేటర్ మూసి గేరులోనే ఉంచితే చక్రమే ఇంజనును తిప్పవలసి వస్తుంది, ఆ ప్రతిఘటన బండిని పట్టి ఉంచుతుంది. ఒకే వేగం దగ్గర నాలుగో గేరులో కంటే రెండో గేరులో ఇంజను ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఎక్కువగా తిరుగుతుంది కాబట్టి, రెండో గేరులో ఈ పట్టు చాలా గట్టిగా ఉంటుంది. ఎక్కిన గేరులోనే దిగాలని పెద్దలు చెప్పే మాటకు ఆధారం ఇదే. కాని ఎక్కిన గేరు ఏదో, ఇప్పుడు ఏ గేరులో దిగుతున్నామో తెలియకపోతే ఆ మాటను పాటించడం ఎలా?

గేరు తెలియకపోవడం వల్ల ఘాట్ మీద రెండు రకాల ప్రమాదాలు ఉన్నాయి. మూడులోనో నాలుగులోనో ఉన్నామని తెలియక బ్రేకుల మీదే భారం వేసి దిగడం మొదటిది. గంటల తరబడి నొక్కి పెట్టనక్కర లేదు; నిండు బరువుతో వరస మలుపుల్లో కొద్ది నిమిషాలు ఆగకుండా నొక్కితే చాలు, డ్రమ్ము బ్రేకు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. రెండోది దీనికి తిరగబడిన పొరపాటు: నాలుగులో ఉన్నామనుకుని ఒక గేరు తగ్గించబోయి, అప్పటికే మూడులో ఉండటం వల్ల రెండులోకి పడిపోవడం. ఆ వేగానికి ఇంజను ఒక్కసారిగా అరిచి, వెనక చక్రం కొట్టుకుంటూ జారుతుంది. తడి రోడ్డు మీద, మలుపు మధ్యలో ఇది జరిగితే బండి చేతికి చిక్కదు. ఖరీదైన కొన్ని బళ్లలో, గేరు ఒక్కసారిగా తగ్గినప్పుడు తనే కొంత జారే స్లిప్పర్ క్లచ్ ఈ దెబ్బను కొంత ఆపుతుంది గాని, రోజూ పనికి వాడే మామూలు కమ్యూటర్ బండిలో ఆ రక్షణ ఉండదు. మీటరు మీద అంకె కనిపిస్తే ఈ రెండు పొరపాట్లూ జరగవని నేను అనను. మలుపు రాకముందే ఒక్క చూపుతో సరిచూసుకునే వీలు మాత్రం దొరుకుతుంది, అది చాలా పెద్ద వీలు.

ఈ సందర్భంలోనే మరో అలవాటు గురించి చెప్పాలి. పెట్రోలు కలిసి వస్తుందని దిగుడు రోడ్డు మీద బండిని న్యూట్రల్‌లో వదిలేసేవారు మన దగ్గర చాలామంది ఉన్నారు. 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యానికి సంబంధించిన బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక మన కొత్త మోటారు సైకిళ్లలో అత్యధికం ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. ఇలాంటి ఇంజన్లలో అనేకం, యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేరులో దిగుతున్నప్పుడు పెట్రోలు సరఫరాను తామే ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనైతే ఇంజను ఆగకుండా ఉండటానికి ఎంతో కొంత పెట్రోలు కాలుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లో దిగడం వల్ల ఆదా ఏమీ లేదు, బ్రేకుల మీద భారం మాత్రం పెరుగుతుంది. గేరులోనే దిగమని చెప్పినప్పుడు, ఏ గేరులో ఉన్నామో చూపించే సాధనం కూడా ఉంటే ఆ మాట ఆచరణలోకి వస్తుంది.

ఈ అంకె వల్ల ఎవరికి మేలు అన్న ప్రశ్నకు నా సమాధానం, అందరికీ ఒకే స్థాయిలో కాదు అని. ఒకే బండిని ఏళ్ల తరబడి ఒకే దారిలో నడిపేవారికి దీనివల్ల ఒరిగేది తక్కువ. వారి కాలు, చెవి, ఆ రోడ్డు ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి. జాతీయ రహదారి మీద అనకాపల్లి వైపు పోతున్నప్పుడు టాప్ గేరులో ఉన్నామని గుర్తు లేక లేని గేరు కోసం లీవరును తన్నే అవస్థ తప్పుతుంది, అంతే. అంతమాత్రానికి దీన్ని తీసిపారేయలేం. ఎందుకంటే ఈ రోజు కొత్తగా బండి ఎక్కుతున్న కుర్రవాళ్లలో ఎక్కువమంది గేర్లు లేని స్కూటరు మీద నేర్చుకుని వస్తున్నారు. క్లచ్ అంటే ఏమిటో వారి ఎడమ చేతికి తెలియదు, గేరు పడినప్పుడు వచ్చే టక్కుమన్న తాకిడి వారి పాదానికి తెలియదు. ఇంజను చప్పుడుకూ గేరుకూ ఉన్న సంబంధం తలకెక్కే దాకా వారికి ఒక ఆధారం కావాలి. మూడో గేరులో ఇంత వేగానికి ఇలాంటి చప్పుడు వస్తుందని, అంకెనూ చప్పుడునూ కలిపి వారు నేర్చుకుంటారు. చెవితో నడపడం నేర్పాలనేవారు అంకెను వద్దనడం నాకు అర్థం కాని విషయం. అది చెవికి పోటీ కాదు, చెవిని తయారు చేసే సాధనం.

బళ్లు మారుస్తూ నడిపేవారి కష్టం వేరు. మన దేశంలో గేరు వరస అన్ని బళ్లకూ ఒకేలా లేదు. కొన్ని కమ్యూటర్ బళ్లలో గేర్లన్నీ ముందు భాగం కిందికి నొక్కితే పడతాయి. మరికొన్నింటిలో మొదటి గేరు కిందికి, మిగిలినవి పైకి. పాత బుల్లెట్‌కైతే గేరు కుడికాలికీ బ్రేకు ఎడమకాలికీ ఉండేవి. ఇంట్లో తండ్రిది ఒక రకం, కొడుకుది మరో రకం అయినప్పుడు, అత్యవసరంగా ఏది దొరికితే అది తీసుకుని వెళ్తాం. పార్సిళ్లు, భోజనాలు చేరవేసే కుర్రవాళ్లు అన్నదో స్నేహితుడిదో బండి అడిగి తీసుకుని పనికి వెళ్తుంటారు. అలవాటైన దిశలో కాలు కదిలి, పెంచాలనుకున్న గేరు తగ్గిపోతే, ఆ సంగతిని ముందుగా చెప్పగలిగేది మీటరు మీది అంకే. క్లచ్ పూర్తిగా వదలకముందే చూసుకుంటే ప్రమాదం తప్పుతుంది.

ఎవరూ పట్టించుకోని మరో వర్గం గురించి కొంచెం ఎక్కువగా రాయాలని ఉంది. వినికిడి లోపం ఉన్నవారు డ్రైవింగు లైసెన్సు పొందే వీలు మన దేశంలో ఉంది. బండిని చెవితో నడపాలన్న సూత్రం వారికి ఏం చెబుతుంది? వయసు మీద పడుతున్న కొద్దీ చాలామందికి వినికిడి తగ్గుతుంది, అది వారికే తెలియనంత నెమ్మదిగా తగ్గుతుంది. మంచి వినికిడి ఉన్నవారికి సైతం తలనిండా హెల్మెట్, చుట్టూ లారీల హారన్లు, పక్కన ఆటోల మోత ఉన్నప్పుడు తన ఇంజను చప్పుడు ఎంతవరకు వినిపిస్తుంది? ఇక మధుమేహం. ఆ వ్యాధి చాలాకాలంగా ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ మందగించడం వైద్యులందరికీ తెలిసిన విషయం. అలాంటివారు గేరు లీవరును నొక్కినప్పుడు అది పడిందో, సగంలో ఆగిందో వారి పాదం చెప్పలేదు. ఇల్లు గడవాలంటే బండి మీద పనికి వెళ్లక తప్పని నడివయసువారిలో ఇటువంటి వాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు? చెవికి అందనిది, పాదానికి తెలియనిది, కంటికి చూపించడం వారికి చేయగలిగిన అతి తేలికైన సహాయం.

దీనికి వ్యతిరేకంగా చెప్పే మాటల్లో నేను బరువు ఇచ్చేది ఒక్కటే: మీటరు చూడటానికి చూపు రోడ్డు మీద నుంచి తప్పుతుందని. ఇది న్యాయమైన అభ్యంతరం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. ఆ సెకనులో పిల్లవాడు అడ్డు రావచ్చు, ముందున్న ఆటో ఆగిపోవచ్చు. కాబట్టి అంకె ఎక్కడ, ఎంత పెద్దదిగా, ఏ రంగులో ఉందన్నదే దాని విలువను నిర్ణయిస్తుంది. ఇప్పుడు వస్తున్న కొన్ని మీటర్లలో ఫోను కాల్ గుర్తు, మైలేజి లెక్క, గడియారం, ట్రిప్ దూరం అన్నీ ఇరుక్కుని, గేరు అంకె వేలిగోరంత చోటులో ఒక మూల ఉంటోంది. బీచ్ రోడ్డు మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో అది కనిపించదు. అలాంటి అంకె పెట్టి లక్షణాల జాబితాలో చేర్చుకోవడం కొనేవారిని మభ్యపెట్టడమే. స్పీడు అంకె పక్కనే, మీటరు పైభాగంలో, ఎండలోనూ చీకట్లోనూ తేలికగా కనిపించేంత పెద్దదిగా ఉంటేనే దానివల్ల ప్రయోజనం. అప్పుడు వేగం చూసే చూపులోనే గేరూ తెలుస్తుంది, విడిగా వెతకవలసిన పని ఉండదు.

సాంకేతికంగా ఇందులో కష్టం ఏమీ లేదు. గేరు డ్రమ్ము ఎంత తిరిగిందో దాన్ని బట్టి గేరు నిర్ణయమవుతుంది. న్యూట్రల్ లైటు కోసం దాని చివర ఇప్పటికే ఒక స్విచ్ ఉంటుంది. ప్రతి గేరుకూ ఒక స్పర్శబిందువు ఉండేలా ఆ స్విచ్చునే కొంత మార్చి, మీటరు దాకా సంకేతం పంపితే సరిపోతుంది. 1970ల్లోనే సుజుకి తన పెద్ద మోటారు సైకిళ్ల మీద గేరు అంకె చూపించింది. మన దేశంలో 2012లో వచ్చిన కేటీఎం డ్యూక్ 200 మీద అది ఉంది. తరువాత హోండా ఎస్‌పీ 125, టీవీఎస్ రైడర్ 125 వంటి 125 సీసీ బళ్ల మీదికీ వచ్చింది. అయినా ఇప్పటికీ 100 సీసీ బండి కొనే కూలీకి, చిరుద్యోగికి ఎక్కువగా దొరికేది న్యూట్రల్ లైటు మాత్రమే. పైగా గేరు పెంచమని సూచించే బాణం గుర్తు కొన్ని బళ్ల మీద ఇస్తున్నారు గాని, అది మైలేజి కోసం చెప్పే సలహా. ఏ గేరులో ఉన్నామో అది చెప్పదు.

అంకె లేని బండికి బయట దొరికే పరికరం బిగించుకునేవారికి ఒక హెచ్చరిక. వాటిలో చాలావరకు గేరు డ్రమ్మును చూడవు; ఇంజను వేగాన్ని, చక్రం వేగాన్ని పోల్చి లెక్క కట్టి గేరు చెబుతాయి. క్లచ్ నొక్కగానే ఆ రెండింటి సంబంధం తెగిపోతుంది కాబట్టి, మనకు సమాచారం బాగా కావలసిన సమయంలోనే అవి సరైన గేరు చెప్పలేవు. చైను స్ప్రాకెట్ పళ్ల సంఖ్య మార్చినా లెక్క తప్పుతుంది. వాటి కోసం వైరింగు కోసి అతుకులు వేస్తే మన సముద్రపు గాలికి ఆ అతుకులు త్వరగా చిలుము పడతాయి. కంపెనీ బిగించిన స్విచ్చుకు కూడా ఉప్పుగాలి వల్ల కనెక్టరు పాడై అంకె తప్పు చూపే అవకాశం లేకపోలేదు. అంకె ఒకటి, చప్పుడు మరొకటి చెబుతుంటే చప్పుడునే నమ్మి, వెంటనే మెకానిక్‌కు చూపించాలి. మీ పాఠకుడి మాట నూటికి నూరుపాళ్లు నిజమయ్యే చోటు ఇది.

ప్రభుత్వం తలచుకుంటే ఇటువంటి మార్పులు ఆగవని మనం చూశాం. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు పగలు కూడా హెడ్‌లైటు వెలిగి ఉండే ఏర్పాటు తప్పనిసరి అయింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, 125 సీసీ, అంతకు తక్కువ వాటికి ఏబీఎస్ గాని రెండు బ్రేకులూ కలిసి పడే విధానం గాని తప్పనిసరి అయ్యాయి. ఆ రెండింటికీ ముందు ధర పెరుగుతుందన్న మాట వినిపించింది, తరువాత అవి మామూలు విషయాలు అయిపోయాయి. గేరు అంకె వాటితో సమానమైన రక్షణ సాధనమని నేను అనడం లేదు. ఏబీఎస్ ప్రాణం కాపాడుతుంది, ఇది పొరపాటును తగ్గిస్తుంది; రెండింటికీ తేడా ఉంది. కాబట్టి దీన్ని చట్టం చేయమని అడగడం కంటే, కంపెనీలే ముందుకొచ్చి తమ అతి చవకైన బండి దగ్గర నుంచి మొదలుపెట్టాలని కోరడం సబబని నా అభిప్రాయం. విద్యుత్ బళ్లు వస్తున్నాయి, వాటిలో చాలావాటికి గేర్లే ఉండవు కదా అనవచ్చు. కాని ఈ ఏడాది కొన్న పెట్రోలు బండి ఇంకా చాలా ఏళ్లు ఈ రోడ్ల మీదే తిరుగుతుంది.

రవాణా శాఖ వారికి ఒక విన్నపం. గేరు ఉన్న బండికి లైసెన్సు పరీక్ష పెట్టేటప్పుడు చదునైన నేల మీద అంకె ఎనిమిదిలా తిప్పించడంతో సరిపెట్టకుండా, వాలు మీద ఆపి సరైన గేరులో మళ్లీ కదిలించడం, దిగుడులో గేరు తగ్గించి బ్రేకు మీద భారం పడకుండా దించడం కూడా చూడాలి. వాలు కోసం మన ఊళ్లో వెతకనక్కర లేదు. డీలర్లు బండి అప్పగించేటప్పుడు ఫోనును మీటరుకు ఎలా కలపాలో చాలా ఓపికగా చూపిస్తున్నారు; అదే ఓపికతో ఆ బండి గేరు వరస ఏమిటో, ఏ గేరుకు ఎంత వేగం తగునో ఒకసారి నడిపించి చూపాలి. కొత్తగా బండి కొంటున్న పాఠకులకు నా సలహా: ఎండలో నిలబెట్టి మీటరు చూడండి. గేరు అంకె కనిపించకపోతే ఆ మాట షోరూములోనే చెప్పండి, కంపెనీకి కూడా రాయండి.

భవదీయుడు,
విశ్రాంత మోటారు మెకానిక్ శిక్షకుడు,
గోపాలపట్నం, విశాఖపట్నం.